తురాయి, గులాబీ చుక్క: ఇంగ్లీషు రంగస్థలం మీద సిరానో

ఎడ్మండ్ రోస్తాన్ రాసిన ఫ్రెంచి నాటకం ‘సిరానో ద బెర్జెరాక్’ మూడో అంకంలో, చీకట్లో, మేడ కింద నిలబడి సిరానో ముద్దుకు నిర్వచనం చెబుతాడు. ‘ఎమే’ అనే క్రియలో ‘ఐ’ అక్షరం మీద పెట్టే గులాబీ రంగు చుక్క అంటాడు. ‘ఎమే’ అంటే ప్రేమించడం. ఫ్రెంచి లిపిలో ఆ మాట రాస్తే నిజంగానే ఒక ‘ఐ’ వస్తుంది, దాని నెత్తిన ఒక చుక్క ఉంటుంది. ఇంగ్లీషు ‘లవ్’లో ఆ అక్షరమే లేదు.

1898లో ఈ నాటకాన్ని ఇంగ్లీషు చేసిన గ్లాడిస్ థామస్, మేరీ గిల్మార్డ్ ఆ చుక్కను ‘అడొరేషన్’ మీద పెట్టారు. పై పాదం ‘కన్ఫర్మేషన్’తో ముగిసింది కనుక ప్రాస కుదిరింది. 1923లో బ్రయన్ హుకర్ ప్రాసను వదిలేసి, ‘లవింగ్’ మీద పెట్టాడు. రెండూ తప్పు కావు. కానీ నటుడి నోట్లో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ‘అడొరేషన్’ ఆరాధనా మందిరంలో పలికే మాట. మేడ మీది అమ్మాయికి వినిపించేలా గొంతు తగ్గించి అనగలిగిన మాట ‘లవింగ్’.

నాటకాలు అనువదించి ఆడించే పని నాది. కొన్నేళ్లుగా ఈ నాటకాన్ని తెలుగులోకి తెచ్చే ప్రయత్నంలో ఉన్నాను. మొదట్లో మూలం ముందు పెట్టుకుని కూర్చున్నాను, మొదటి అంకం కూడా దాటలేకపోయాను. అప్పుడు దారి మార్చాను. ఇంగ్లీషు రంగస్థలం నూట ఇరవై ఏళ్లకు పైగా ఇదే చిక్కుతో కుస్తీ పడుతోంది. అమెరికా, ఇంగ్లండ్, కెనడా, స్కాట్లాండ్‌లలో ఎవరెవరు ఏయే అనువాదంతో ఆడారు, ఎందుకు ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకున్నారు అని వరుసగా చదివాను. దొరికిన అనువాదాలను నటులతో పైకి చదివించాను. ఆ పనిలో తేలిన విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మూలం సంగతి. ఎడ్మండ్ రోస్తాన్ ఈ నాటకం రాసేనాటికి ముప్ఫై ఏళ్లు నిండలేదు. 1897 డిసెంబర్ 28న పారిస్‌లో పోర్ట్ సాఁ మార్తాఁ థియేటర్లో తెర లేచింది. సిరానోగా కోక్లాన్ నిలబడ్డాడు. నాటకం రాసిందే ఆయన కోసం. 1619లో పుట్టి 1655లో పోయిన సిరానో అనే నిజమైన రచయిత చుట్టూ అల్లిన కల్పన ఇది. పెద్ద ముక్కు, పదునైన కత్తి, అంతకన్నా పదునైన నాలుక ఉన్నవాడు తను ప్రేమించిన రోక్సాన్‌కు మరొకడి పేరు మీద ఉత్తరాలు రాసిపెడతాడు. ఆ మరొకడు క్రిస్టియన్. అందగాడు, మాట రానివాడు.

ఐదు అంకాలు, సుమారు 2,600 పాదాలు, దాదాపు అన్నీ అలెగ్జాండ్రైన్‌లు. అంటే పాదానికి పన్నెండు అక్షరాలు, ఆరో అక్షరం దగ్గర విరుపు, రెండేసి పాదాలకు అంత్యప్రాస. మన ద్విపదను తలచుకుంటే చెవికి కొంత ఆనవాలు దొరుకుతుంది, అయితే మన ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది, వాళ్లది చివర. రోస్తాన్ చేసిన అసలు గారడీ ఏమిటంటే, ఒక్క పన్నెండక్షరాల పాదాన్ని ముక్కలు చేసి నలుగురైదుగురికి పంచుతాడు. మొదటి అంకంలో నాటకశాల గుంపు కేకలు వేసుకుంటుంది. అంగడివాడు, దొంగ, సైనికుడు, ప్రభువు తలా రెండు మాటలు అంటారు. ఆ మాటలన్నీ కూడితే ఒక పాదం, దాని చివర ప్రాస. ఒక నటుడు అరక్షణం ఆలస్యంగా అందుకుంటే పాదం కూలిపోతుంది. అందుకే ఈ ఛందస్సు నాకు దర్శకుడి గడియారంలా కనిపిస్తుంది, ఎవరు ఎంత వేగంగా అందుకోవాలో అందులోనే రాసి ఉంది.

ఇంగ్లీషుకు ఇది రెండు వైపులా ఇరుకు. ఫ్రెంచిలో ప్రాసలు పుష్కలం, ఇంగ్లీషులో కరవు. పైగా ఇంగ్లీషు వేదిక మీద గంభీరమైన మాటకు షేక్‌స్పియర్ నాటి నుంచి ప్రాసలేని పది అక్షరాల పాదం అలవాటు. ప్రాస జంటలు వరుసగా వినిపిస్తే ఆ ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధమవుతాడు. మొదటి అంకానికి అది వరం. ఐదో అంకంలో, మఠం తోటలో, ఆకులు రాలుతూ ఉండగా తలకు దెబ్బ తగిలిన మనిషి మెల్లగా చనిపోతున్నప్పుడు అదే ప్రాస శాపమవుతుంది. ఇంగ్లీషులో ఈ నాటకం చరిత్రంతా ఈ ఒక్క బేరం చుట్టూ తిరిగిందని నా అభిప్రాయం: మొదటి అంకాన్ని కాపాడాలా, చివరి అంకాన్ని కాపాడాలా?

తొలి రోజుల గురించి ఎక్కువ చెప్పను, అది తొందరపాటు చరిత్ర. అమెరికాలో నాటకానికి కాపీరైటు రక్షణ లేకపోవడంతో ఎవరికి వారు అనువాదాలు చేయించుకున్నారు. 1898 అక్టోబర్ 3న న్యూయార్క్ గార్డెన్ థియేటర్లో రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ హోవార్డ్ థేయర్ కింగ్స్‌బరీ అనువాదంతో ఆడాడు. అదే సమయంలో ఫిలడెల్ఫియాలో ఆగస్టిన్ డేలీ బృందం మరో ప్రదర్శన పెట్టింది. లండన్‌లో చార్ల్స్ విండమ్ 1900లో ప్రయత్నించాడు. తర్వాత ఒక వింత వ్యాజ్యం అడ్డొచ్చింది. శామ్యూల్ ఎబర్లీ గ్రాస్ అనే చికాగో స్థలాల వ్యాపారి, రోస్తాన్ తన నాటకం నుంచి దొంగిలించాడని కోర్టుకెక్కాడు. ఆయన నాటకంలోనూ ఒకడి బదులు ఇంకొకడు మేడ కింద ప్రేమ పలుకులు పలుకుతాడు. 1902లో కోర్టు గ్రాస్ వైపే తీర్పు చెప్పింది, నష్టపరిహారంగా ఒక్క డాలర్ ఇప్పించింది. డబ్బు నామమాత్రమే అయినా ప్రదర్శనల మీద నిషేధపు ఉత్తర్వు నామమాత్రం కాదు. నాటకం అప్పుడే అమెరికాలో వేళ్లూనుకుంటున్నది, ఆ దెబ్బకు ఆగిపోయింది.

అసలు కథ 1923తో మొదలవుతుంది. వాల్టర్ హాంప్డెన్ అనే నటుడు తన కోసం కొత్త అనువాదం రాయమని కవి బ్రయన్ హుకర్‌ను అడిగాడు. అచ్చైన పుస్తకం ముఖపత్రం మీదే ‘వాల్టర్ హాంప్డెన్ కోసం సిద్ధం చేసినది’ అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యం నాకు చాలా చెప్పింది. రోస్తాన్ కోక్లాన్ గొంతు వింటూ రాశాడు, హుకర్ హాంప్డెన్ గొంతు వింటూ రాశాడు. నవంబర్ 1న న్యూయార్క్ నేషనల్ థియేటర్లో మొదలైన ప్రదర్శన ఘన విజయం సాధించింది. హాంప్డెన్ ఆ తర్వాత పదమూడేళ్ల పాటు మళ్లీ మళ్లీ ఈ వేషం కట్టాడు.

హుకర్ చేసిన పని ధైర్యమైనది. నాటకం ఒంటికి ప్రాస తీసేసి, షేక్‌స్పియర్ నటులకు కొట్టినపిండి అయిన ప్రాసలేని పాదం తొడిగాడు. ప్రాసను అవసరమైన చోటే ఉంచాడు. మొదటి అంకంలో సిరానో కత్తి తిప్పుతూ ఆశువుగా ఒక బలాద్ అల్లుతాడు. ఎనిమిదేసి పాదాల చరణాలు మూడు, చివర నాలుగు పాదాల ముగింపు, ముగింపు పూర్తయ్యేసరికి ప్రత్యర్థి ఒంట్లో కత్తి దిగాలి. ఫ్రెంచిలో ఆ బలాద్ పాదాలు పొట్టివి, ఎనిమిది అక్షరాలవి. కాబట్టి చుట్టూ ఉన్న పన్నెండక్షరాల నడక నుంచి అది విడిగా వినిపిస్తుంది. హుకర్ దగ్గర అదే విడితనం ఇంకో దారిన వచ్చింది. అంతవరకు ప్రాస లేదు, కత్తి ఒర నుంచి బయటికి రాగానే ప్రాస వచ్చింది.

ఈ పద్ధతి నాకు పరాయిదిగా అనిపించలేదు. మన పద్యనాటకంలో వచనం నడుస్తూ నడుస్తూ ఉండగా కృష్ణుడు పద్యం అందుకుంటే సభ నిటారుగా కూర్చుంటుంది. ఆ పద్యానికి బలం దాని ముందు నడిచిన వచనం నుంచి కూడా వస్తుంది. హుకర్‌కు మన నాటకం తెలిసే అవకాశం లేదు. కానీ ఆయన అనువాదాన్ని పద్యాలు పాడిన అనుభవమున్న ఒక నటుడి చేత చదివించినప్పుడు, ఎవరూ చెప్పకుండానే బలాద్ దగ్గర గొంతు మార్చాడు. రంగస్థలం మీద పెరిగిన చెవికి ఆ మలుపు దానంతట అదే అందుతుంది.

హాంప్డెన్ కొలతకు రాసిన ఆ మాటలు తర్వాత అందరికీ సరిపోయాయి. 1946 శరత్కాలంలో అట్లాంటిక్‌కు రెండు వైపులా హుకర్ అనువాదమే వేదిక మీద ఉంది. న్యూయార్క్ ఆల్విన్ థియేటర్లో హోసే ఫెరర్, లండన్ న్యూ థియేటర్లో ఓల్డ్ విక్ బృందంతో రాల్ఫ్ రిచర్డ్‌సన్. లండన్ ప్రదర్శనకు దర్శకుడు టైరోన్ గత్రీ. ద గీష్‌గా అలెక్ గినెస్ నటించాడు. ద గీష్ అంటే రోక్సాన్ మీద కన్నేసిన ప్రభువు. ఆ లండన్ ప్రదర్శన గురించి ఆలోచించినప్పుడల్లా నా మనసు రెండో అంకం దగ్గర ఆగుతుంది. అది రాగ్నో మిఠాయి అంగడి. బల్లల నిండా రొట్టెలు, కేకులు, వేలాడే బాతులు. ఆ ఏడాది జూలైలోనే బ్రిటన్‌లో రొట్టెకు రేషన్ పెట్టారు. యుద్ధం జరిగినన్నాళ్లూ లేని రేషన్ యుద్ధం ముగిశాక వచ్చింది. కార్డు మీద రొట్టె కొనుక్కుని వచ్చిన ప్రేక్షకులు రాగ్నో అంగడిని చూశారు, నాలుగో అంకంలో ఆరాస్ ముట్టడిలో ఆకలితో నకనకలాడే గాస్కన్ కుర్రాళ్లను, అంటే సిరానో దళంలోని గాస్కనీ సైనికులను చూశారు. వాళ్లకు ఆ ఆకలి ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో నేను ఊహించుకోగలను.

ఫెరర్ సంగతి అందరికీ తెలిసిందే. 1947లో న్యూయార్క్ రంగస్థలానికిచ్చే మొట్టమొదటి టోనీ అవార్డుల్లో ఉత్తమ నటుడి గౌరవాన్ని ఫ్రెడ్రిక్ మార్చ్‌తో పంచుకున్నాడు. 1950 నాటి సినిమాకు ఆస్కార్ అందుకున్నాడు. ఆ సినిమా మాటలకు ఆధారమూ హుకరే. 1962లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ ఉత్సవంలో క్రిస్టఫర్ ప్లమర్ ఆడింది కూడా హుకర్ పాఠమే. దర్శకుడు మైకల్ లాంగ్‌హామ్. ఈ పేరు గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఆగి నాటకంలోని చివరి మాట గురించి చెప్పాలి. నేను ఎక్కువ రాత్రులు నిద్ర పోగొట్టుకున్నది దాని మీదే.

చనిపోతూ సిరానో అంటాడు: మీరు నా దగ్గర అన్నీ లాక్కున్నా ఒక్కటి మాత్రం మడత పడకుండా, మచ్చ పడకుండా నాతో తీసుకుపోతాను, ఈ రాత్రి దేవుడి గుమ్మంలో వంగి నమస్కరించినప్పుడు అది ఆ నీలి గడపను ఊడుస్తుంది. ఏమిటది అని రోక్సాన్ అడుగుతుంది. ‘నా పనాష్’ అంటాడు. తెర పడుతుంది. పనాష్ అంటే టోపీ మీది ఈకల కుచ్చు. చావు ఎదుట కూడా తల ఎగరేసి నిలబడే ఠీవి కూడా. వంగినప్పుడు గడపను ఊడ్చేది ఈక, మచ్చ పడనిది ఠీవి. రెండర్థాలూ ఒకే క్షణంలో పలకాలి.

థామస్, గిల్మార్డ్ 1898లో ఆ మాటను ముట్టుకోలేదు, ఫ్రెంచిలోనే వదిలేశారు. హుకర్ ‘నా తెల్ల ఈక’ అన్నాడు. ఇది పేలవమని కొట్టిపారేసిన వాళ్లు చాలామంది, మొదట నేనూ అలాగే అనుకున్నాను. నాలుగో అంకం మళ్లీ చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. అక్కడ ద గీష్ శత్రువులకు దొరక్కుండా తప్పించుకోవడానికి తన హోదాకు గుర్తైన తెల్ల పట్టీని పారేసి వచ్చానని గొప్పగా చెప్పుకుంటాడు. ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ అయితే ఎంతమంది చుట్టుముట్టినా తన తెల్ల ఈకను వదులుకునేవాడు కాదని సిరానో బదులిస్తాడు. ఆ సంభాషణ ప్రేక్షకుడి మనసులో ఉంటే, చివర ‘నా తెల్ల ఈక’ అనగానే వెనకటి మాట మొత్తం లేచి వస్తుంది. నాటకం నిడివి తగ్గించాలని నాలుగో అంకంలో ఆ నాలుగు మాటలు కోసేస్తే, హుకర్ ముగింపు వట్టి ఈకగా మిగిలిపోతుంది. తప్పు అనువాదంలో లేదు, కత్తెరలో ఉంది. ఎడిటింగ్ చేసే ప్రతి దర్శకుడికీ ఇది చెప్పాలనిపిస్తుంది.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. 1898 అనువాదం ముట్టుకోకుండా వదిలేసిన మాట మెల్లగా ఇంగ్లీషు మాటైపోయింది. ఠీవి, దర్పం అనే అర్థంలో ‘పనాష్’ ఇంగ్లీషులోకి వచ్చిందే ఈ నాటకం ద్వారా. అందుకని 1971లో ఆంథొనీ బర్జెస్ కొత్త అనువాదం చేసినప్పుడు చివర ‘మై పనాష్’ అని రాయగలిగాడు, అది అప్పటికి ఇంగ్లీషే. కానీ ఇంగ్లీషులో స్థిరపడేసరికి ఆ మాట ఈకను పోగొట్టుకుంది. వినేవాడికి ఠీవి అందుతుంది, గడపను ఊడ్చే కుచ్చు కనపడదు. హుకర్ దగ్గర ఈక ఉంది, ఠీవి కోసం వెనక్కి చూడాలి. బర్జెస్ దగ్గర ఠీవి ఉంది, ఈకను నటుడు చేతిలోని టోపీతో చూపించాలి.

బర్జెస్‌ను ఈ పనికి పిలిచింది మైకల్ లాంగ్‌హామ్. స్ట్రాట్‌ఫర్డ్‌లో హుకర్ పాఠంతో ప్లమర్‌ను ఆడించిన దర్శకుడే, తొమ్మిదేళ్ల తర్వాత మిన్నియాపొలిస్‌లోని గత్రీ థియేటర్ కోసం కొత్త పాఠం కావాలన్నాడు. ఒక అనువాదంతో వేదిక మీద బతికినవాడే దాని లోటు పట్టుకున్నాడు. ప్రాస తిరిగి రావాలన్నది బర్జెస్ పట్టుదల. ముక్కు మీద సిరానో చేసే ప్రసంగంలో ఆ పట్టుదల ఫలించింది. ఒక మూర్ఖుడు ‘మీ ముక్కు చాలా పెద్దది’ అంటే, ఇంతేనా అని సిరానో అడిగి, కోపంగా ఎలా అనవచ్చు, స్నేహంగా ఎలా అనవచ్చు, పండితుడిలా ఎలా అనవచ్చు అని వరుసగా అప్పజెబుతాడు. రాయి, శిఖరం, అగ్రం, కాదు, ద్వీపకల్పం అని ఎక్కించుకుంటూ పోతాడు. ప్రాస ఉంటే ఒక్కో చమత్కారానికీ తాళం పడుతుంది. హుకర్ పాఠంలో నటుడు ఆ తాళాన్ని తనే వేసుకోవాలి.

బర్జెస్ పాఠం ఒక్కసారి రాసి ఊరుకున్నది కాదు. 1973లో అదే నాటకం ఆయన మాటలతో సంగీతనాటకమై బ్రాడ్‌వేకి వెళ్లింది, ప్లమర్ మళ్లీ సిరానో అయ్యాడు. ప్రదర్శనలు యాభైకి ఒకటి తక్కువగా ఆగిపోయాయి, ప్లమర్‌కు టోనీ మాత్రం వచ్చింది. 1983లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ కోసం, దర్శకుడు టెర్రీ హాండ్స్‌తో కలిసి బర్జెస్ మళ్లీ పాఠాన్ని దిద్దాడు. డెరెక్ జకోబీ సిరానో, షినేడ్ క్యూసాక్ రోక్సాన్. ఆ ప్రదర్శన 1984లో న్యూయార్క్ కూడా వెళ్లింది. 1990 నాటి ఫ్రెంచి సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆయన అనువాదం నుంచే తీశారు. 2007లో బ్రాడ్‌వేలో కెవిన్ క్లైన్ ఆడిందీ బర్జెస్ పాఠమే. అనువాదకుడు రిహార్సల్ గదిలోకి మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుంటే పాఠం ఎంతకాలం నిలుస్తుందో ఇది చెబుతుంది. మన దగ్గర అనువాదకుడు ప్రతి ఇచ్చి వెళ్లిపోతాడు, పలకని మాటను నటుడే రహస్యంగా మార్చుకుంటాడు. ఈ అలవాటు మారాలని గట్టిగా కోరుకుంటాను.

1992లో ఎడ్విన్ మోర్గన్ చేసిన పని నాకు అన్నిటికన్నా ఇష్టం. కమ్యూనికాడో బృందం కోసం ఆయన ఈ నాటకాన్ని గ్లాస్గో వీధుల స్కాట్స్‌లో, ప్రాసతో సహా రాశాడు. లండన్ ఇంగ్లీషులో కృతకంగా వినిపించే ప్రాస, గ్లాస్గో నోటిలో తిట్టుకు, ఎత్తిపొడుపుకు సహజమైన ఊతంగా మారింది. సిరానో గాస్కనీవాడు, పారిస్ దొరల ముందు తన యాసను దాచుకోనివాడు. ఆ సంగతి ప్రామాణిక ఇంగ్లీషులో కనుమరుగైపోతుంది. మోర్గన్ దాన్ని తిరిగి తెచ్చాడు. స్కాట్లాండ్ జాతీయ నాటక సంస్థ 2018లో ఆ పాఠాన్ని మళ్లీ వేదిక ఎక్కించింది.

మన దేశానికి నేరుగా తగిలే ముడి ఒకటుంది. 1995లో లండన్ నేషనల్ థియేటర్, తారా ఆర్ట్స్ కలిసి ఒక ‘సిరానో’ చేశాయి. దర్శకుడు జతీందర్ వర్మ కథను భారతదేశానికి తరలించాడు. సిరానోగా నసీరుద్దీన్ షా నటించాడు. దక్షిణాసియా నోళ్లలో మారిన ఇంగ్లీషుకు వర్మ ‘బింగ్లిష్’ అని పేరు పెట్టుకుని, దాన్నే తన రంగభాషగా చేసుకున్నాడు. ఫ్రెంచి నాటకం ఇంగ్లీషులోకి వెళ్లి, అక్కడి నుంచి మన నేల మీదికి వచ్చిన ఆ ప్రయాణం గురించి తెలిసినప్పుడు నా పనికి ఒక అన్న దొరికినట్టయింది.

చివరిగా 2019. లండన్ ప్లేహౌస్ థియేటర్లో మార్టిన్ క్రింప్ పాఠం, జేమీ లాయిడ్ దర్శకత్వం, సిరానోగా జేమ్స్ మెకవాయ్. పెట్టుడు ముక్కు లేదు. కత్తులు, ఈకల టోపీలు లేవు. ఖాళీ వేదిక, కుర్చీలు, మైకులు. ఆహార్యం మొత్తం తీసేసి బరువంతా వాచికం మీద వేశారు. ప్రాస మాత్రం ఉంది, ర్యాప్ చేసే కుర్రాళ్ల పోటీలో లాగా. నూరేళ్ల కిందట ఇంగ్లీషు ప్రేక్షకుడికి ప్రాస వింటే నవ్వు వచ్చేది. ఈ తరం కోపాన్ని, దుఃఖాన్ని, గొప్పలు చెప్పుకోవడాన్ని ప్రాసలోనే విని పెరిగింది. హుకర్ 1923లో వదులుకోవలసి వచ్చిన దాన్ని క్రింప్ వాడుకోగలిగాడు. ఇద్దరి మధ్య మారింది ప్రేక్షకుడి చెవి. ఆ ప్రదర్శనకు 2020లో ఉత్తమ పునఃప్రదర్శనగా లండన్ రంగస్థలానికిచ్చే ఒలివియర్ అవార్డు వచ్చింది, 2022లో గ్లాస్గో, బ్రూక్లిన్‌లలో కూడా ఆడింది.

ఇదంతా చదివి, చదివించి, నా తెలుగు ప్రతి దగ్గరికి తిరిగి వచ్చాను. మూడు నిర్ణయాలు తీసుకున్నాను. నాటకం నడక లయ ఉన్న వచనం, బలాద్ మాత్రం పద్యం. ఇది హుకర్ దారి, మన ప్రేక్షకుడికి తెలిసిన దారి కూడా. నాలుగో అంకంలో నాలుగో హెన్రీ ప్రస్తావనను ఎంత ఒత్తిడి వచ్చినా కోయను. పనాష్‌కు మాట: తురాయి. కిరీటం మీదో తలపాగా మీదో నిలిచే ఈకల కుచ్చే తురాయి. ‘కలికితురాయి’ అని పత్రికలు అరగదీసిన మాట కాబట్టి కొంత సందేహించాను. అయితే 1903లో ఫ్రెంచి అకాడమీలో చేసిన ప్రసంగంలో రోస్తాన్, పనాష్ అంటే గొప్పతనం కాదు, గొప్పతనానికి పైన చేరే మరేదో అని చెప్పాడు. తురాయి అంటే అదే కదా. కిరీటం కాదు, కిరీటం పైన ఊగేది.

ఇక గులాబీ చుక్క. ఇంగ్లీషువాళ్లు ‘ఐ’ ఉన్న మాట కోసం వెతుక్కోవలసి వచ్చింది. తెలుగులో ‘ఐ’ మీద చుక్క పెట్టే పద్ధతే లేదు కనుక నేను ఆ వాక్యాన్ని చాలాకాలం ఖాళీగా వదిలేశాను. ఒక సాయంత్రం రిహార్సల్లో సిరానో వేషధారి ఆ ఖాళీ దగ్గర ఆగి, కాగితం మీద ‘ప్రేమించు’ అని రాసుకుని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తలెత్తి అన్నాడు: ‘మధ్యలో సున్న ఉంది కదండీ.’

రోస్తాన్ వాడింది క్రియ. మన క్రియలో సున్న ఉంది. నామవాచకం ‘ప్రేమ’లో లేదు. ముద్దంటే ‘ప్రేమించు’ అనే మాటలో గులాబీ రంగుతో చుట్టిన సున్న. అప్పటికప్పుడు దీపాలు తగ్గించి ఆ ఘట్టం నడిపించాం. ఆ మాట అంటూ అతను గాలిలో వేలితో సున్న చుట్టబోయాడు. చెయ్యి దించమన్నాను. చీకట్లో ఉన్న రోక్సాన్‌కు వేలు కనపడదు, మాటే వినపడాలి. రెండోసారి చేతులు కట్టుకుని అన్నాడు. మేడ మీద, అంటే మా రిహార్సల్ గదిలో బల్ల మీద, నిలబడిన అమ్మాయి తన డైలాగు అందుకోవడం మరిచిపోయింది.

ఐదో అంకం వచ్చే నెలలో మొదలుపెడతాం.